లెన్సు మీది అంకెలు: చేతి అమరిక నుండి యంత్రపు అమరిక వరకు

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఛాయాచిత్రమునకు గల గౌరవము అందరు నెరిగినదే. చెన్నపట్టణములో గాని, బళ్ళారిలో గాని, బరంపురములో గాని, షోలాపురములో గాని, యానాములో గాని ఒక పాత తెలుగువారి ఇంట అడుగుపెట్టినచో గోడమీద పూర్వుల పటములు వరుసగా కనబడును. ఊరు మారినది, ఇరుగుపొరుగు భాష మారినది, పిల్లలు చదువు బడిలో అక్షరములు మారినవి. మనము ఎవరి బిడ్డలమో ఆ పటములు మాత్రము మారక చెప్పుచున్నవి. పటములోని పెద్దలను గూర్చి మనము తరచుగా చెప్పుకొందుము. ఆ పటమును తీసిన యంత్రమును గూర్చియు, దానిని నడిపిన చేతిని గూర్చియు చెప్పుకొనుట అరుదు. ఈ వ్యాసము ఆ చేతిని గూర్చినది.

1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరములో డాగెర్ కనిపెట్టిన ఛాయాచిత్ర విధానము లోకమునకు వెల్లడి చేయబడెను. నాటినుండి నేటివరకు కెమేరా ఎన్ని రూపములు దాల్చినను దానిముందు నిలిచిన ప్రశ్నలు మూడే. వస్తువు ఎంత దూరమున నున్నది? వెలుతురు ఎంత ద్వారము గుండ లోనికి రావలెను? ఎంతసేపు రావలెను? మొదటిదానికి సమాధానము ఫోకసు, రెండవదానికి లెన్సు రంధ్రము, మూడవదానికి షట్టరు. సుమారు నూరేండ్లపాటు ఈ మూడింటికిని మనుష్యుడే సమాధానము చెప్పెను. తరువాత ఒక్కొక్కటిగా యంత్రము చెప్పసాగెను.

ఈ మార్పును జూచి పాతవారు కళ పోయినదందురు. కొత్తవారు శ్రమ పోయినదందురు. రెండు మాటలలోను సత్యము కలదు. కాని అసలు భేదము వేరొకచోట నున్నదని నా అభిప్రాయము. పాత లెన్సు తన నిర్ణయమును తన ఒంటిమీదనే అంకెలలో చూపెడిది. తన పనికి మరియొకరి అనుమతి కోరెడిది కాదు. కొత్త లెన్సు నిర్ణయమును లోపల నుంచుకొని, తనకు తగిన కెమేరా లేనిదే కదలకుండును. అందుచేత మొదటిది వారసుల చేతికి అందినంత సులువుగ రెండవది అందదు. ఈ సంగతిని చరిత్రక్రమములో చూపుటయే నా ప్రయత్నము.

మూతయే షట్టరైన కాలము

తొలి కెమేరాలకు షట్టరను భాగమే లేదు. లెన్సుకు తొడిగిన మూతను తీసి, మనస్సులో లెక్కపెట్టి, తిరిగి మూయుటయే పద్ధతి. డాగెర్ కాలపు లెన్సు బహుస్వల్పమైన వెలుతురును మాత్రమే లోనికి గొనుటచేత ఒక్క చిత్రమునకు నిమిషముల తరబడి కాలము పట్టెడిది. 1840లో వియన్నా నగరమందలి గణితశాస్త్రజ్ఞుడు యోజెఫ్ పెట్స్వాల్ లెక్కలు కట్టి ఒక కొత్త లెన్సును రూపొందించెను. దానిని ఫోయిక్ట్‌లెండర్ సంస్థ తయారు చేసెను. అది మునుపటి లెన్సుకంటె పదిరెట్లకు పైగా వెలుతురును గ్రహించుటచేత, కదలక కూర్చుండలేని మనుష్యుల ముఖములను తీయుట సాధ్యమయ్యెను.

లెన్సు రంధ్రమును చిన్నది పెద్దది చేయుటకు మొదట తగిన సాధనము లేదు. 1858లో ఇంగ్లండు దేశస్థుడైన జాన్ వాటర్‌హౌస్ ఒక ఉపాయము చెప్పెను. లెన్సు గొట్టమునకు ప్రక్కన ఒక చీలిక చేసి, వేర్వేరు పరిమాణముల బెజ్జములుగల లోహపు రేకులను అందులో దూర్చవలెను. ఎండ ఎక్కువైనచో చిన్న బెజ్జపు రేకు. తక్కువైనచో పెద్ద బెజ్జపు రేకు. తరువాత పలుచని రేకులు కంటిపాపవలె ముడుచుకొని విచ్చుకొను ఏర్పాటు వాడుకలోనికి వచ్చినది. వెలుపలి రింగును త్రిప్పినచో లోపలి రేకులు కదలును. పాత లెన్సును వెలుతురుకు పట్టి చూచినవారికి ఈ ఏర్పాటు సుపరిచితమే.

కెమేరా మన ప్రాంతమునకు వచ్చుటలో ఎక్కువ ఆలస్యము జరుగలేదు. మద్రాసులో ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1850వ దశకములోనే ఏర్పడెను. నాటి చెన్నరాజధానిలో కోస్తా, రాయలసీమ జిల్లాలేకాక బళ్ళారి, గంజాము కూడ చేరియుండెను. కనుక నేడు నాలుగైదు రాష్ట్రములలో చెదరియున్న మన కుటుంబములలో అనేకములకు అది ఒకే పాలనలోని పట్టణము. ఆ కాలముననే లినియస్ ట్రైప్ అను సైనికోద్యోగి ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా మధుర, శ్రీరంగము, తంజావూరు ఆలయములను చిత్రించెను. 1858లో అతడు తంజావూరు బృహదీశ్వరాలయపు విమానము పాదమునందలి శాసనమును ఇరువది యొక్క చిత్రములుగా తీసి, వానిని అతికి, ఒకే పొడవైన పటముగా కూర్చెను. ముక్కకును ముక్కకును వెలుతురులో తేడా వచ్చినచో అతుకు బయటపడును. లెక్కించుటకు ఏ మీటరును లేని రోజులలో అంతటి సమత కంటి అనుభవముచేతను, చేతి నిదానముచేతను మాత్రమే లభించినది.

సికింద్రాబాదులో 1886లో స్టూడియో స్థాపించిన రాజా దీనదయాళుని పేరు హైదరాబాదు చరిత్ర తెలిసినవారికి క్రొత్తది కాదు. ఉత్తరదేశమున 1844లో పుట్టి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1892లో పరదా పాటించు స్త్రీలకొరకు హైదరాబాదులో ప్రత్యేకమైన స్టూడియోను కూడ తెరచెను. పెద్ద గాజు పలకలపై తీసిన ఆయన చిత్రములలో పగటి వెలుతురు, గడచిన క్షణములు, ముఖముపై నీడ అన్నియు మనుష్యుని లెక్కయే.

అంకెలకు ఒక క్రమము

చేతి అమరిక అనగా ఊహమీద నడచిన పని అని కొందరు భ్రమపడుదురు. అది సరికాదు. దానికి ఖచ్చితమైన గణితము కలదు. లెన్సు యొక్క నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగించగా వచ్చునదే ఎఫ్-సంఖ్య. 50 మి.మీ. లెన్సులో రంధ్రము 25 మి.మీ. ఉన్నచో అది ఎఫ్/2, 12.5 మి.మీ. ఉన్నచో ఎఫ్/4. వ్యాసము సగమైనచో వైశాల్యము నాల్గవ వంతగును. కావున వెలుతురును సరిగా సగము చేయుటకు రెండు అనుటకు బదులు రెండింటి వర్గమూలముచే, అనగా సుమారు 1.4 చే, పోవలెను. ఆ విధముగ ఏర్పడినదే 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అను వరుస. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది వెలుతురు సగమగును.

ఈ వరుస ఒక్కనాడు స్థిరపడలేదు. పాత జర్మను లెన్సులమీద 4.5, 6.3, 9, 12.5, 18 అను అంకెలు కనబడును. అవియును సగము సగముగా తగ్గునవే. మొదలిడిన చోటు మాత్రము వేరు. షట్టరు వేగములు కూడ పూర్వము సెకనులో 25వ వంతు, 50వ వంతు, 100వ వంతు అని ఉండి, 1950వ దశకములో 30, 60, 125, 250, 500 అను నేటి వరుసకు మారినవి. ఇందుచేత లెన్సుపై ఒక మెట్టును, షట్టరుపై ఒక మెట్టును సమానములయ్యెను.

నేను జీవితమంతయు కార్యాలయములో పద్దులు వ్రాసినవాడను. ఈ ఏర్పాటును మొదట తెలిసికొన్నప్పుడు నాకు జమాఖర్చు పుస్తకమే స్ఫురించినది. రంధ్రము ఒక మెట్టు తగ్గించి షట్టరును ఒక మెట్టు నెమ్మది చేసినచో ఫిలిముపై పడు వెలుతురులో మార్పుండదు. ఒక పద్దున తగ్గినది మరొక పద్దున చేరినది, నిల్వ సరిపోయినది. కాని ఫలితము ఒకటే కాదు. చిన్న రంధ్రముచే ముందు వరుసలోని పిల్లలును, వెనుక వరుసలోని తాతయు సమానమైన స్పష్టతతో వచ్చుదురు. వేగమైన షట్టరుచే పరుగెత్తు బాలుడు నిలిచిపోవును. ఏది కావలెనో యెన్నుకొనుట మనుష్యుని వంతు. కళ అనునది ఆ యెన్నికలో నున్నది.

పాత లెన్సుమీద మరియొక సొగసైన ఏర్పాటు కలదు. ఫోకసు రింగు ప్రక్కన రంధ్రపు అంకెలు రెండు వైపులను జంటలుగా చెక్కబడియుండును. ఏ రంధ్రమునకు ఎంత దూరము నుండి ఎంత దూరము వరకు స్పష్టముగా వచ్చునో ఆ గీతలు చెప్పును. 35 మి.మీ. లెన్సును ఎఫ్/8 వద్ద నుంచి, ఫోకసును సుమారు 5 మీటర్లకు అమర్చినచో, ఇంచుమించు రెండున్నర మీటర్లనుండి కనుచూపు మేరవరకు అంతయు స్పష్టము. ఇక ఫోకసు రింగును ముట్టనక్కరలేదు. ఊరేగింపులను తీయువారు కెమేరాను కంటివద్దకు ఎత్తకమునుపే సిద్ధముగా నుండుటలోని రహస్యమిదియే. మండుటెండలో రంధ్రమును ఎఫ్/16 వద్ద నుంచి, 100 వేగముగల ఫిలిమునకు షట్టరును 125వ వంతున నుంచవలెనను సూత్రమును కూడ ప్రతి వీధి ఛాయాచిత్రకారుడును కంఠస్థము చేసియుండెను. ఏ కళాశాలయు దానిని నేర్పలేదు. గురువు శిష్యునికి, తండ్రి కొడుకునకు చెప్పినదే.

బటను, చక్రము

యంత్రమే సర్వము చేయవలెనను కోరిక మన కాలమున పుట్టినది కాదు. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ విక్రయించిన కోడక్ కెమేరాలో నూరు చిత్రములకు చాలు ఫిలిము ముందుగనే అమర్చబడి యుండెడిది. కొన్నవాడు బటను నొక్కుటయే. ఫిలిము ముగిసినపిమ్మట కెమేరాను కంపెనీకి పంపినచో చిత్రములు చేతికి వచ్చెడివి. 1900లో ఒక డాలరు వెలకు బ్రౌనీ కెమేరా వెలువడెను. మన దేశమునందు తరువాత అనేక మధ్యతరగతి గృహములకు చేరిన ఆగ్ఫా క్లిక్-3 ఈ జాతిలోనిదే. దానిలో త్రిప్పి మార్చదగిన అమరికలు బహుస్వల్పము.

దీనికి ప్రక్కనే రెండవ మార్గమొకటి నడచినది. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ చలనచిత్రముల 35 మి.మీ. ఫిలిమును నిశ్చల చిత్రమునకు వాడి, 24 మి.మీ. వెడల్పు, 36 మి.మీ. పొడవుగల చట్రమును ఏర్పరచెను. 1925లో లైపిజిగ్ సంతలో వెలువడిన లైకా కెమేరా ఆ ప్రయత్న ఫలము. జేబులో పట్టునంత చిన్నదైనను దానిమీద షట్టరు చక్రము, రంధ్రపు అమరిక, దూరపు అంకెలు అన్నియు వ్రేళ్ళకు అందునట్లుండెను. 1929లో రోలిఫ్లెక్స్ అను రెండు లెన్సుల కెమేరా వచ్చెను. దానిని, దానిని పోలిన యాషికా మొదలగు జపాను కెమేరాలను నడుమువద్ద పట్టుకొని, తల వంచి, పైనుండి చూచుచు పెండ్లి పటములు తీసిన స్టూడియోవారు నడివయస్సు దాటిన పాఠకులకు జ్ఞప్తికి వచ్చెదరు. ఒక ఫిలిము చుట్టకు పండ్రెండు చిత్రములు. అందుచేత ప్రతి చిత్రమునకు ముందు ఒక ఆలోచన యుండెడిది.

చెన్నపట్టణపు తెలుగువారికి ఈ చేతి విద్య చలనచిత్రముల మూలమున మరింత సన్నిహితమైనది. వడపళని ప్రాంతమందలి విజయా వాహినీ స్టూడియోలలో రూపొంది 1957లో విడుదలైన 'మాయాబజార్' చిత్రమునకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. అందలి వెన్నెల నౌకావిహార దృశ్యము నేటికిని ప్రస్తుతింపబడుచున్నది. అప్పటి కెమేరాలో వెన్నెలను తానే గుర్తించి సరిదిద్దుకొను తెలివి లేదు. దీపముల తీవ్రత, లెన్సు రంధ్రము, ఫిలిము స్వభావము ఈ మూడును ఛాయాగ్రాహకుని లెక్కలో కుదిరినప్పుడే నలుపు తెలుపులలో వెన్నెల పుట్టినది.

ఫిలిము కూడ మన పొరుగుననే తయారైనది. కేంద్రప్రభుత్వ సంస్థయైన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ 1960లో నీలగిరులలోని ఉదకమండలమున ఏర్పడి, 1967లో ఉత్పత్తి ప్రారంభించి, 'ఇందు' అను పేరుతో ఫిలిమును అమ్మెను. కాలక్రమమున నష్టములపాలై 2010వ దశకమున మూతపడెను.

గుమాస్తా అధికారి యగుట

యంత్రము మొదట చేబట్టినది వెలుతురు లెక్కను. 1938లో కోడక్ సంస్థ వెలువరించిన సూపర్ సిక్స్-20 అను కెమేరాలో, వెలుతురు సోకినప్పుడు విద్యుత్తును పుట్టించు సెల్ ఒకటి అమర్చబడి, లెన్సు రంధ్రమును అదే నిర్ణయించెడిది. అది మిక్కిలి ఖరీదైనదగుటచే కొద్దిమందికే దక్కెను. 1963లో టాప్‌కాన్, 1964లో పెంటాక్స్ స్పాట్‌మాటిక్ కెమేరాలు లెన్సు గుండ వచ్చిన వెలుతురునే కొలిచి సూదితో చూపసాగెను. ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి. సూది చెప్పినను రింగును త్రిప్పునది చేయియే. యంత్రము గుమాస్తావలె నోటు వ్రాసి ముందుంచినది, సంతకము మనుష్యునిదే.

క్రమముగా సంతకము కూడ యంత్రమే చేయసాగెను. 1965లో కోనికా సంస్థ ఆటో-రిఫ్లెక్స్ కెమేరాలో షట్టరును మనము నిర్ణయించినచో రంధ్రమును యంత్రము నిర్ణయించు ఏర్పాటు చేసెను. 1976లో కెనాన్ ఏఈ-1 లో సూక్ష్మ గణకయంత్రము చేరెను. 1978లో కెనాన్ ఏ-1 రెండింటిని తానే నిర్ణయించు పద్ధతిని చూపెను. ఇక మిగిలినది ఫోకసు. 1977లో కోనికా సీ35 ఏఎఫ్ అను చిన్న కెమేరా తనంత తానే దూరమును గుర్తించెను. 1985లో మినోల్టా 7000 వెలువడుటతో ఫోకసు చేయు మోటారు పెద్ద కెమేరా లోపలికి చేరెను. ఆ కెమేరాపై షట్టరు చక్రము కూడ లేదు. బటనులును, అంకెలు మెరయు చిన్న తెరయు దాని స్థానమును ఆక్రమించెను.

1987లో కెనాన్ సంస్థ ఈఓఎస్ కెమేరాను వెలువరించుచు మరియొక అడుగు వేసెను. లెన్సుకును కెమేరాకును నడుమ మీటలు, పుల్లలు తొలగింపబడి, విద్యుత్ స్పర్శలు మాత్రమే నిలిచెను. లెన్సుమీద రంధ్రపు రింగు మాయమయ్యెను. రంధ్రమును కదల్చునది లెన్సులోని విద్యుత్ యంత్రము. దానికి ఆజ్ఞయిచ్చునది కెమేరా. పద్దు పుస్తకము బల్లమీదనుండి లోపలి గదిలోని బీరువాకు చేరినది. లెక్క తప్పినదని కాదు. చూచుటకు తాళపుచెవి కావలసివచ్చెను.

రెండు మిల్లీమీటర్ల కథ

లెన్సును కెమేరాకు తగిలించు లోహపు వలయమును మౌంటు అందురు. ఆ వలయమునుండి ఫిలిమువరకు గల దూరము ప్రతి జాతి కెమేరాకు వేరు. నైకాన్ సంస్థ 1959లో నైకాన్ ఎఫ్ కెమేరాతో ప్రారంభించిన మౌంటుకు ఆ దూరము 46.5 మి.మీ.; కెనాన్ పాత ఎఫ్‌డీ మౌంటుకు 42 మి.మీ.; 1987 నాటి కెనాన్ కొత్త మౌంటుకు 44 మి.మీ. ఈ రెండు మిల్లీమీటర్ల తేడాచే పాత కెనాన్ లెన్సు కొత్త కెనాన్ కెమేరాపై దూరపు వస్తువులను స్పష్టముగా చూపజాలకపోయెను. నడుమ మరియొక గాజు ముక్క పెట్టినగాని దారి లేదు. అప్పటివరకు సొమ్ము వెచ్చించి కొన్న లెన్సులన్నియు ఒక్కసారిగా అనాథలయ్యెను. నైకాన్ సంస్థ తన వలయమును మార్చక, అందులోనే మార్పులు చేసికొనుచు ఆరు దశాబ్దములు నడిపెను.

తరువాతి చరిత్ర విచిత్రమైనది. 2008 నుండి లోపల అద్దము లేని కెమేరాలు, అనగా మిర్రర్‌లెస్ కెమేరాలు, రాసాగెను. అద్దము తొలగుటచే లెన్సు వలయము వెలుతురును గ్రహించు పలకకు మిక్కిలి చేరువైనది. 2010లో వచ్చిన సోనీ మౌంటుకు ఆ దూరము 18 మి.మీ.; 2018లో వచ్చిన నైకాన్ జెడ్ మౌంటుకు 16 మి.మీ. మాత్రమే. ఇప్పుడు 46.5 నుండి 16 తీసివేయగా మిగులు 30.5 మి.మీ. మందముగల ఒక ఖాళీ లోహపు వలయము నడుమ నుంచినచో 1959 నాటి నైకాన్ లెన్సు నేటి కెమేరాపై యథాతథముగా పనిచేయును. అందులో గాజు లేదు, తీగ లేదు, విద్యుత్తు లేదు. 1987లో అనాథలైన కెనాన్ లెన్సులకును ఈ విధముగనే ఆశ్రయము దొరకినది. సోవియట్ దేశపు జెనిట్ కెమేరాలతో వచ్చిన 58 మి.మీ. హీలియోస్ లెన్సులను నేటి యువకులు వెదకి కొనుచున్నారు.

విద్యుత్తుపై ఆధారపడిన లెన్సును అట్టి ఖాళీ వలయముతో తగిలించినచో రంధ్రము మన మాట వినదు. అనేక నవీన లెన్సులలో ఫోకసు రింగు కూడ లోపలి గాజును నేరుగా కదల్చదు. నేను ఇటు త్రిప్పబడితినని మోటారుకు తెలియజేయును, అంతే. కెమేరానుండి విద్యుత్తు రానిచో రింగు ఊరక తిరుగుచుండును. తయారు చేసిన సంస్థ తగిన అడాప్టరును అమ్ముచున్నంతవరకు చిక్కు లేదు. కెనాన్ సంస్థ 2018 నాటి తన కొత్త మౌంటుకు అట్టి అడాప్టరును ఇచ్చియున్నది. కాని ఆ సదుపాయము సంస్థ దయాధర్మములపై ఆధారపడినది. పాత లెన్సుకు కావలసినది సరియైన మందముగల లోహము మాత్రమే.

లాభనష్టముల లెక్క

ఇంతమాత్రముచే నవీన నిర్మాణమును నిందించుట న్యాయము గాదు. నేటి లెన్సులు పాతవానికంటె చాలవరకు స్పష్టమైనవి. వంకరగా వచ్చిన సరళరేఖలను కెమేరాలోని గణకయంత్రము చిత్రము తీసిన క్షణమునందే సరిదిద్దును. అందుచే లెన్సు చిన్నదిగాను తేలికగాను చేయ వీలగుచున్నది. 1995లో కెనాన్ సంస్థ కెమేరాలెన్సులలో ప్రవేశపెట్టిన స్థిరీకరణ యంత్రముచే చేతివణకు చిత్రమును చెరపదు. ముఖమును, కంటిని గుర్తించి ఫోకసు చేయు నేర్పు అరువదేండ్లు దాటిన నావంటి వారికి వరమే. రింగును త్రిప్పుచు స్పష్టత వచ్చినదా లేదా యని వెదకులాడు కంటిచూపు అందరికిని కలకాలము నిలువదు.

మరియొక మేలు కూడ కలదు. చేతి కెమేరాల కాలమున మన ఇండ్లలో కెమేరా సాధారణముగ పురుషుని చేతిలోనిదే. తల్లులు, అత్తలు, మేనత్తలు పటములో కనబడుదురు గాని పటమును తీసినవారు అరుదు. అమరికల భారము తొలగినపిమ్మట నేడు ముత్తవ్వ తన మునిమనుమరాలి పటమును సెల్‌ఫోనుతో తానే తీసికొనుచున్నది. ఈ మార్పును తక్కువగ చూచువాడు కృతజ్ఞత లేనివాడు.

కాని సెల్‌ఫోనులో ఒక సంగతి గమనింపదగినది. అందలి లెన్సు రంధ్రము చాలవరకు మారదు. వెనుక దృశ్యమును మసకగా చూపుట, చీకటిలో వెలుగు తెచ్చుట గణకయంత్రపు పని. అనేక చిత్రములను క్షణములో తీసి, కలిపి, ఒకటిగా చూపును. ఫలితము కనులకింపుగా నుండును. అయితే ఎంత వెలుతురున్నది, ఎంత చేర్చబడినది అని అడిగినచో తీసినవాడు చెప్పజాలడు. తన పేర వ్రాయబడిన లెక్క తనకు తెలియకుండుట మంచి పద్ధతి గాదని ప్రతి గుమాస్తాయు ఎరుగును.

ఈ కొరతను తయారీదారులును గుర్తించిరి. 2004లో ఎప్సన్ సంస్థ ఆర్-డీ1 అను డిజిటల్ కెమేరాకు పాత కెమేరాలవలె మీట అమర్చినది; షట్టరును సిద్ధము చేయుటకు దానిని వ్రేలితో లాగవలెను. 2011లో ఫూజీఫిల్మ్ ఎక్స్100 షట్టరు చక్రముతోను, రంధ్రపు రింగుతోను అంగడికి వచ్చి మెప్పు పొందెను. నైకాన్ 2013లో డీఎఫ్, 2023లో జెడ్ఎఫ్ కెమేరాలను పాత రూపమున వెలువరించెను. 2022లో లైకా సంస్థ తన పాత ఎం6 ఫిలిము కెమేరాను మరల తయారుచేయసాగెను. 2024లో పెంటాక్స్ 17 అను కొత్త ఫిలిము కెమేరా చేతిమీటతో వచ్చెను.

అయితే పాత రూపమంతయు పాత గుణము గాదు. నైకాన్ జెడ్ఎఫ్‌తో అమ్మబడు 40 మి.మీ. లెన్సు చూచుటకు పాతకాలపుదానివలె నుండును. దానిపై రంధ్రపు అంకెలు మాత్రము లేవు. అంకెలున్న కెమేరాలలో కూడ చాలవరకు చక్రము సంకేతమును పంపునది, గణకయంత్రము పనిచేయునది. అయినను ఇందు ఒక ప్రయోజనము కలదు. కెమేరాను వెలిగింపకమునుపే పైనుండి చూచి అమరికను చదువవచ్చును. తాత మనుమనికి వ్రేలితో చూపి చెప్పవచ్చును. లోహముతో లోహమును కదల్చు పాత లెన్సు యొక్క స్వాతంత్ర్యము మాత్రము ఇందు లేదు. కొనువారు ఈ భేదమెరిగి కొనుట మేలు.

మన ఇండ్లలోని పెట్టె

ఇప్పుడు పాఠకులకు ఒక మనవి. మీ ఇంట అటకమీదనో, ఇనుప పెట్టెలోనో పాత కెమేరా యొకటి యుండవచ్చును. దానిని తుక్కుగా అమ్మివేయుటకు ముందు ఒకసారి తెరచి చూడుడు. లోపలి మీటరు చచ్చియుండవచ్చును. కొన్ని పాత కెమేరాలకు వలసిన పాదరసపు బ్యాటరీలు ఇప్పుడు తయారగుట లేదు. దానిచే నిరాశ పడనక్కరలేదు. పూర్తిగా లోహపు మీటలతో నడచు కెమేరాలో మీటరు చచ్చినను షట్టరు బ్రతికియుండును. ఎండకు ఎఫ్/16 అను సూత్రము చాలును. ఫిలిము ఖరీదు పెరిగినది నిజమే. ఫిలిము వలదనుకొన్నవారు, లెన్సు ఊడదీయ వీలైనదైనచో, అడాప్టరుతో కొత్త కెమేరాకు తగిలించి వాడుకొనవచ్చును.

చెన్నై, యానాము, బరంపురము వంటి తేమ ప్రదేశములలో లెన్సుకు ప్రధాన శత్రువు బూజు. తోలు సంచిలో మూసి చీకటిలో నుంచిన లెన్సు లోపల సాలెగూటివంటి బూజు పట్టును. ముదిరినచో గాజుపై పూతను తినివేయును. తోలు సంచినుండి తీసి, మూత బిగువుగాగల డబ్బాలో తేమను పీల్చు సిలికా జెల్ పొట్లముతో నుంచుట మంచిది. అప్పుడప్పుడు బయటకు తీసి, రింగులను త్రిప్పి, షట్టరును నొక్కి చూచుచుండవలెను. వాడని షట్టరు బిగిసికొనిపోవును.

ఇంతకంటె ముఖ్యమైన పని వేరొకటి కలదు. ఆ లెన్సుమీది అంకెల అర్థమును ఇంటిలోని పిల్లలలో ఒక్కరికైనను చెప్పుట. 8 అనగా ఏమి, 11 అనగా ఏమి, ఒకటి తగ్గించినచో మరొకటి ఏల పెంచవలెను అను సంగతులు అరగంటలో చెప్పవచ్చును. ఆ అరగంట గడపక పెద్దవారు వెడలిపోయినచో కెమేరా మిగులును, విద్య మిగులదు. పిల్లల చేతిలో అది అందమైన ఇనుపముక్క యగును. గోడమీది పటములకు వెనుకవైపున పేర్లు, ఊరు, సంవత్సరము పెన్సిలుతో వ్రాసి యుంచుటకు కూడ అదియే సమయము. తెలిసినవారు ఉన్నప్పుడే వ్రాయవలెను.

ఇది మనకు కొత్తగా చెప్పవలసిన నీతి కాదు. మన పూర్వులు తెలుగునాటిని విడచి వచ్చినప్పుడు తమ వెంట తెచ్చుకొన్నవానిలో ఎక్కువభాగము ఏ బడియు నేర్పనివి. వంట, వరుసలు, పలుకుబడి, పాట అన్నియు పెద్దల నోటినుండి చిన్నల చెవికి, పెద్దల చేతినుండి చిన్నల చేతికి అందినవి. ఒక తరము అశ్రద్ధ చేసిన ఇంట అవి నిలువలేదు. శ్రద్ధ చేసిన ఇంట నేటికిని నిలిచియున్నవి. కొత్త కెమేరాను సంతోషముగ వాడుకొందము. దాని సౌకర్యమును కాదనవలసిన పని లేదు. పాత లెన్సును కూడ, దానిమీది అంకెల అర్థముతో సహా, వచ్చువారికి అప్పగించుట మన బాధ్యతగా భావింతుముగాక.